చలమయ్యగారి లోడు ట్రయలు

గోపాలపట్నంలో చలమయ్యగారి షెడ్డుకు చేరిన కారు బాగుపడుతుందనడంలో సందేహం లేదు. యజమాని చేతికి తిరిగి వస్తుందా అన్నదే సందేహం. బాగుచేసిన ప్రతి కారునూ మనుషులతో నింపి ఊరంతా తిప్పితేగాని ఆయన తాళాలు వదలరు. దానికి ఆయన పెట్టిన పేరు ‘లోడు ట్రయలు’. న్యాయశాస్త్రం చదువుకున్న నేను పెట్టిన పేరు ‘నమ్మి అప్పగించిన సొత్తును దుర్వినియోగం చేయుట’.

2008లో మా నాన్నగారి పాత అంబాసడరుకు వెనక డిఫరెన్షియల్ బిగుసుకుపోయింది. మలుపుల్లో వెనక చక్రాలు రెండూ వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలిచ్చే పళ్ళచక్రాల పెట్టె అది. అది మొరాయించడంతో ఎన్.ఏ.డి. కూడలిలో మా కారు ఒక చక్రాన్ని ఈడ్చుకుంటూ, పోర్టు లారీలు సైతం ఆగి చూసేలా కీచుమంది.

చలమయ్యగారు పెట్టె విప్పి, ముద్దకట్టిన నల్లటి ఆయిలును వేలితో తీసి నా ముక్కు దగ్గర పెట్టారు.

“సూడండమ్మా, ఇది ఆయిలేటి? హల్వా! బేరింగు ముక్కలై పళ్ళ మద్దిన ఇరుక్కుపోనాది.”

“ఎప్పటికి అవుతుంది?”

“బేరింగు మార్సీడం ఎంతసేపమ్మా? ట్రయలుకే టైము పట్టీస్తాది.”

బేరింగు మర్నాటికే మారింది. నేను వెళ్ళేసరికి కారు మాత్రం లేదు. చాలాసేపటికి వచ్చి ఆగిన నా కారులోంచి ఒక నిండు గర్భిణి, ఆమె అత్తగారు, ఆమె ఆడపడుచు ఆసుపత్రి కాగితాలతో దిగారు. ఇంకొక రోజు కంటికి పచ్చగుడ్డ కట్టుకున్న ముసలాయన దిగాడు. నా సహనం నశించింది.

“చలమయ్యగారూ, బరువే కావాలంటే ఇసుక బస్తాలు వేసుకోవచ్చు కదా?”

“ఇసక మాటాడదమ్మా! మనుసులైతే కింద ఏటి మోగినా సెప్తారు. ఈ తాతకి కళ్ళు మసకేసినాయి గానీ సెవులు మైకులే!”

ముసలాయన న్యాయమూర్తిలా తల పంకించాడు. “మలుపు కాడ కుయ్‌మన్నాదిరా.”

“ఇన్నారా? ఇంకో రోజు ఉంచీండి.”

నా తొందరకు కారణముంది. అచ్యుతాపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో గోపి అనే కార్మికుడి కుడిచెయ్యి యంత్రంలో నలిగిపోయింది. యంత్రానికి ఉండవలసిన రక్షణ మూతను గోపే విప్పుకున్నాడని యాజమాన్యం వాదన. అది నిలబడితే పరిహారం రాదు. దాన్ని సూపర్‌వైజరు ముందురోజే విప్పించడం కళ్ళారా చూసింది అక్కడ టీ పోసే సన్యాసమ్మ ఒక్కతే. మోకాళ్ళ నొప్పులతో ఆమె బస్సు ఎక్కే స్థితిలో లేదు. నా కారేమో ఎక్కనంటుంది.

“లాయరమ్మ కార్లో ఎల్తే ఎంత పుచ్చుకున్నావని ఊరోళ్ళు అడగరేటి? ఆటో ఎట్టినా అదే మాట. నాను రాను.”

ఆమె కోసం విచారణ ఒకసారి వాయిదా పడింది. మళ్ళీ పడదు. విచారణకు ముందురోజు షెడ్డుకు వెళ్ళి ఇదంతా చలమయ్యగారికి ఏకరువు పెట్టాను.

“రేపు పొద్దున్నే వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకోవాలి. తాళాలు ఇవ్వండి.”

“మడిసి బొద్దుగుంటాదేటమ్మా?”

“ఎవరు?”

“ఆ సన్యాసమ్మ. బరువెంతుంటాది?”

“ఒకరి బతుకు గురించి చెబుతుంటే మీరు బరువులు అడుగుతున్నారా!”

“కోపమెందుకమ్మా? రేపు ఆకరి ట్రయలు. హైవే మీద సెయ్యాల. ఈ ముక్కైపోతే బండి మీదే.”

ఆయనకు పంపవలసిన నోటీసును మనసులో రచిస్తూ, తెల్లవారి బస్సులో అచ్యుతాపురం వెళ్ళాను. సన్యాసమ్మ ఇంటికి తాళం. “ఎవులికో సాయానికెల్లినాది” అన్నారు పక్కింటివాళ్ళు. నా కేసు అక్కడే ముగిసిందనుకున్నాను.

నీరసంగా విచారణ జరిగే కార్మిక శాఖ కార్యాలయానికి చేరుకుంటే, గేటు ముందు నా అంబాసడరు! వెనక సీట్లో ఇద్దరు స్థూలకాయురాళ్ళ నడుమ, ఇంకా స్థూలంగా, సన్యాసమ్మ.

“నా కారు ఎక్కనన్నావు కదమ్మా?”

“మీ కారేటి? బండి పరీచ్చకి మనుసులు సాల్నేదని మెకానిక్కు బాబు పొద్దున్నే వచ్చి బతిమాలుకున్నాడు. సాయమడిగితే కాదంతానా? ఎలాగూ ఈ దారినే వచ్చాం గదా, ఆ సాచ్చికమేదో సెప్పీసి పోతాను.”

చలమయ్యగారు బానెట్టు ఎత్తి, అవసరం లేకపోయినా లోపలికి తొంగిచూస్తున్నారు. ఆ గర్భిణీ, ఆ ముసలాయనా ఊరికే ఎక్కించుకుంటానంటే ఎక్కే మనుషులు కారని నాకప్పుడు తట్టింది. ఆయన ఎవరికీ సాయం చేస్తాననరు. తనకే సాయం చేయమంటారు.

విచారణలో అవతలి వకీలు మొదటి ప్రశ్నే విసిరాడు: “నువ్వొచ్చింది లాయరు కారులోనే కదా?”

కారు నాదేనని నేను లేచి ఒప్పుకున్నాను. సన్యాసమ్మ నన్ను గుడ్లురిమి చూసి, అతని వైపు తిరిగింది. “ఆవిడదైతే అవనీ బాబూ. నాను ఆవిడ కోసం రానేదు, బేరింగు కోసం వచ్చాను.”

విచారణాధికారి కలం ఆపి, నవ్వు దాచుకోవడానికి చేతిరుమాలు వెతుక్కున్నారు. ఆమె మాత్రం మూత ఎవరు విప్పమన్నారో, ఎవరు విప్పారో, తీసి ఏ మూల పడేశారో ఒక్క తడబాటు లేకుండా చెప్పింది.

బయటికి వచ్చి తాళాల కోసం చెయ్యి చాపాను.

“తిరుగు ట్రయలుందమ్మా. ఈళ్ళని దింపొద్దేటి?”

“అయితే నేనూ వస్తాను. ముందు సీటు ఖాళీయే కదా.”

చలమయ్యగారు నన్ను ఎగాదిగా చూశారు. “మీరు బరువు సాల్రమ్మా” అని స్టీరింగు ముందు కూర్చున్నారు. కారు నిండా నవ్వులతో గేటు దగ్గర మెత్తగా మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు గోపికి పరిహారం మంజూరైంది. ఆ ఉత్తర్వు అందుకోవడానికి నేను సిటీబస్సులోనే వెళ్ళాను.