అత్త చేతిలో రాహుకాలం

మా అత్త పోయిందని బంధువులందరికీ ఫోన్లు చేసింది నేనే. అప్పుడు రాయాలనిపించలేదు. కర్మకాండలన్నీ అయ్యాక, నిన్న ఎదురింటావిడ నా చెయ్యి చూసి, "అదేంది, కొత్తగా గడియారం తిరగేసి కట్టుకోనుండావు?" అని అడిగింది. నోటితో చెప్పలేకపోయాను. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టుకున్నాను.

అత్త గడియారం మొహాన్ని ఎప్పుడూ మణికట్టు లోపలివైపుకే ఉంచుకునేది. ఆడవాళ్ళు చాలామంది అలా కట్టుకుంటారు, వింతేమీ లేదు. కానీ ఆమె టైము చెప్పేదే గానీ ఎవరికీ చూపించేది కాదు. గొలుసు పట్టీ పడదు, తోలుదే కావాలి. స్నానానికి పోతూ తీస్తే దేవుడి గూట్లో బోర్లించి పెట్టేది. "గడియారం మొకం మనపక్క ఉండాల, ఊరిపక్క కాదు" అనేది.

కాపురానికి వచ్చిన కొత్తల్లోనే నాకు అనుమానం మొదలైంది. మా పుట్టిల్లు శ్రీకాళహస్తి. అత్తగారిల్లున్న తిరుపతి నుంచి ఎంత దూరమని? నేను సంచి పట్టుకుని గడప దగ్గరికి వచ్చేసరికి అత్త అరచెయ్యి వెల్లకిలా తిప్పేది.

"ఏమ్మే, రాహుకాలం పడినాది. కూసో."

"మంగళవారం మూడింటికి కదా అత్తా? గోడ మీద రెండే అయింది."

"గోడకేం తెల్సు? బ్యాటరీ తినేది, అబద్ధాలు సెప్పేది!"

కూర్చునేదాన్ని. బొరుగులు, కాఫీ తెచ్చి ముందు పెట్టి, మా అమ్మ పులుసులో ఏమేం వేస్తుందో అడిగేది. ఏదో కూపీ లాగుతోందనుకునేదాన్ని. తమ్ముడు నన్ను పిలుచుకుపోవడానికి వచ్చినా ఇదే వరస. "మీ అత్త చేతిలో రాహువు కాపురముండాడక్కా" అని వాడు నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. రాహుకాలం అడ్డం పెట్టుకుని అబద్ధమాడటమంటే నాకు భయం. నన్ను పుట్టింటికి పంపడం ఇష్టం లేకనే కదా ఇదంతా? ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే చెయ్యి మెల్లగా తిప్పి చూశాను. గోడ మీదా, ఆమె చేతి మీదా ఒకటే టైము. ఆ రోజు నుంచి ఆమె ఇచ్చే కాఫీలో కూడా నాకు ఏదో ఎత్తు కనిపించేది.

కొన్నేళ్ళకు ఒక శుక్రవారం, అమ్మకు బాగాలేదని తమ్ముడు ఫోన్ చేశాడు. అది సరిగ్గా రాహుకాలం. సంచి చేతిలో ఉంది, కాలు గడప దాటడం లేదు. అత్త వచ్చి అరచెయ్యి తిప్పింది.

"దాటిపోయినాది. పో."

"ఇంకా లేదేమో అత్తా, శుక్రవారం..."

"నా చేతిలో ఉండేది గడియారమా, గాజా? పో బిడ్డా, యాడా నిలబడొద్దు."

నేను చేరేసరికి అమ్మకు ఇంకా తెలివి ఉంది. పేరు పెట్టి పిలిచింది. ఆ తర్వాత ఇంకెవరినీ పిలవలేదు.

చాలా రోజుల తర్వాత అత్తను అడిగాను, ఆ రోజు టైము నిజంగానే దాటిందా అని.

"నువ్వు దాటినావు గదా" అంది, చింతపండు పిసుకుతూ.

మిగతా రోజుల సంగతి అడగలేదు. నన్ను కట్టేసుకోవాలనా, ఇల్లు బోసిపోతుందనా, ఏ ఉద్దేశంతో ఆపేదో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఆమెను సాగనంపిన రోజు బుధవారం. స్నానం చేయించేటప్పుడు తీసిన గడియారాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నా చేతికే కట్టుకున్నాను. ఆడబిడ్డ సత్యవేడు నుంచి వస్తోంది, ఇంకా దారిలోనే ఉంది. మా బావ, అంటే అత్త పెద్దకొడుకు, తొందరపెడుతున్నాడు. "పన్నెండుకు రాహుకాలం. లోపలే ఎత్తేయాల."

తల్లి మొహం చూడకపోతే ఆ పిల్ల బతికినన్నాళ్ళూ ఏడుస్తుంది. నేను ముందుకు వచ్చి అరచెయ్యి తిప్పాను.

"వచ్చేసింది బావా. ఇంక అది దాటినాకే."

"సెల్లులో ఇంకా పదకొండున్నరే గదమ్మా!"

"సెల్లుకేం తెలుసు బావా?"

ఆయన నా మణికట్టు వైపు అనుమానంగా చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ నేను అత్తను చూసిన చూపే. చివరికి సెల్లు జేబులో పెట్టుకుని, పాడె పక్కనే కూలబడ్డాడు.

ఆడబిడ్డ వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. మణికట్టు లోపలివైపు, గడియారం ఉండే చోట, గుండ్రంగా తెల్లటి మచ్చ. దాని మీదే చెంప ఆనించి చాలాసేపు ఉండిపోయింది.

ఈ కాగితాలు చదివినవాళ్ళు దాచి ఉంచండి, మా బావకు మాత్రం చూపించకండి. అత్త అన్నట్టు, మొకం మనపక్కే ఉండాల.