కుర్యాకోసు దగ్గరి దారి

మా మామగారు కుర్యాకోసుకు తిన్నని దారి గిట్టదు. అరగంటలో చేరాల్సిన ఊరికి పొద్దంతా తిప్పి తీసుకెళ్ళి, "దగ్గరి దారిన తెచ్చాను చూశారా" అని మీసం దువ్వుకునే మనిషి మా ఇడుక్కి కొండల్లో ఆయనొక్కడే. పోనీ ఒక్కడే తప్పిపోతాడా అంటే అదీ లేదు. భార్యనీ, కొడుకులనీ, కోడలినీ, పనసపండునీ, ఒక్కోసారి మేకనీ జీపులో కుక్కి మరీ తప్పిపోయేవాడు.

నా పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఒక నది, దాని మీద ఎత్తయిన పొడుగాటి వంతెన. వంతెన దాటితే ఊరు. పెళ్ళిరోజున మా ఊరి చర్చి నుంచి బయల్దేరాం. జీపు వంతెన దాకా బుద్ధిగానే వచ్చి, అక్కడ చటుక్కున పక్కకు తిరిగింది.

పెళ్ళికూతురు నోరు విప్పకూడదని అమ్మ చెప్పి పంపింది. కాని ఆగలేకపోయాను. "అప్పచ్చా, వంతెన అటు కదా," అన్నాను.

"అది అందరూ పోయే దారి మోళే. నువ్వు మా ఇంటి కోడలివి," అన్నాడాయన. మోళే అంటే మా మలయాళంలో కూతురా అని.

ముందు సీట్లోంచి మా అత్తగారు అందుకుంది. ఆవిడ పేరు అలెయమ్మ, మేం ఆవిణ్ణి అమ్మచ్చి అనీ, మామగారిని అప్పచ్చన్ అనీ అంటాం. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. అరటితోటలో దూరిన ఏనుగును గొడుగుతో అదిలించిందని ఊళ్ళో పేరు. "ఈయన తల్లి కడుపులోంచి కూడా అడ్డం తిరిగే వచ్చుంటాడు. నా ఖర్మ కాకపోతే, తిన్నగా నడవడం రాని మనిషిని కట్టుకుంటానా?" అని కొండ ఎక్కినంతసేపూ తిడుతూనే ఉంది.

పైన ఏలకుల తోటలు దాటాక నది సన్నబడి వాగవుతుంది. అక్కడ జీపును నీళ్ళలోకి దించాడు. నడిమధ్యలో ఇంజను ఆగింది. నేను పట్టుచీర ఎగ్గట్టి దిగి తోశాను. మా ఆయన రోయి కొత్త కోటు తడిసి గోనెసంచిలా వేలాడింది. తోట కాపలాదారు జాలిపడి ఉడికించిన కర్రపెండలం, మిరపకాయ పచ్చడి పెట్టాడు. నా పెళ్ళిభోజనం అదే. ఇంటి దగ్గర బాతుకూర చుట్టాలు ఊడ్చిపెట్టి, దీపాలు పెట్టే వేళకి ఆవులిస్తూ మమ్మల్ని ఆహ్వానించారు.

నా కూతురు రాహేల్ బాప్తిస్మం మా పుట్టింటి చర్చిలో అనుకున్నాం. అప్పచ్చన్ పుణ్యమా అని పొగమంచులో ఏదో ఊళ్ళో తేలాం. ఆయన నిదానంగా దిగి అక్కడి చర్చి అచ్చన్, అంటే ఫాదర్, తలుపు తట్టాడు. "అచ్చో, ఇక్కడా అదే దేవుడేగా? ఈ పిల్లకు కాస్త నీళ్ళు చల్లండి."

"మీరెవరు?" అన్నాడు ఆ ఫాదర్, సగం గడ్డం గీసుకున్న మొహంతో.

"దారి తప్పిన గొర్రెలం. చాలదా?"

చాలింది. మా పుట్టింటివాళ్ళు మాత్రం చాలా కాలం నాతో మాట్లాడలేదు. ఇంకోసారి మా మరిది ప్యాంటు నిండా జలగలెక్కాయి. వాడు గంతులేస్తుంటే, "ఆసుపత్రికి పోకుండానే రక్తపరీక్ష అయిపోయింది, కదలకు," అని ఉప్పు చల్లాడు ఆ మహానుభావుడు. ఆ రోజు నేను నిజంగా జీపు తాళాలు బియ్యం డబ్బాలో దాచాను. ఆయన తాళం లేకుండానే ఏవో తీగలు కలిపి స్టార్ట్ చేశాడు.

అన్ని వాగులు, అడవులు తొక్కిన మనిషి, చివరికి మధ్యాహ్నం కునుకులో పోయాడు. అంత తిన్నగా ఆయన ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు.

తరవాతి వేసవిలో మా తమ్ముడి పెళ్ళి. ఈసారి జీపు రోయి నడుపుతున్నాడు. బాధగానే ఉన్నా, వేళకి చేరతామన్న సంతోషం నాకు లోపల లేకపోలేదు. వంతెన కనబడగానే అమ్మచ్చి, "ఆపరా, ఒక్క నిమిషం దిగాలి," అంది.

నేనూ దిగి ఆవిణ్ణి రోడ్డు పక్కకు తీసుకెళ్ళాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఏనుగును అదిలించిన మనిషి వంతెన వైపు వీపు తిప్పి నిలబడింది.

"నేను ఆ వంతెన ఎక్కలేను మోళే. చిన్నప్పుడు వరదలో చెక్కవంతెన నా కాళ్ళ వెనకాలే కూలిపోయింది. చక్రం కింద రాయి తగులుతుంటే ఎంత నీళ్ళయినా భయం లేదు. కింద ఏమీ లేకపోతేనే ప్రాణం పోతుంది."

"అప్పచ్చన్‌కి తెలుసా?"

"చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి దాటించాడు. అప్పుడు నా మొహం చూశాడు, అంతే. మళ్ళీ నన్ను ఎప్పుడూ అటు తీసుకెళ్ళలేదు."

రబ్బరు షీట్లు అమ్మడానికి ఒక్కడే వెళ్ళిన రోజుల్లో అప్పచ్చన్ మధ్యాహ్నం భోజనానికల్లా ఇంట్లో ఉండేవాడు. ఆ తేడా మా ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరి బుర్రకీ తట్టలేదు.

"మరి ఆయన్ని అన్ని తిట్లు ఎందుకు తిట్టారు అమ్మచ్చీ?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయనే తిట్టమన్నాడు. పిల్లలతో మొదటిసారి చుట్టు తిరిగి పోతూ నేను నోరు మూసుకుని కూర్చుంటే, చెవి దగ్గరకొచ్చి, 'గట్టిగా తిట్టు అలెయమ్మా, పిల్లలకి అనుమానం వస్తుంది' అన్నాడు. తరవాత తరవాత నాకే అలవాటైంది. బాగుండేది కూడా."

జీపులోంచి రోయి హారన్ కొడుతున్నాడు. నేను ఆవిణ్ణి ఎక్కించి నా చోట కూర్చున్నాను.

"పక్కకు తిప్పండి. ఏలకుల తోటలు చూసి వెళ్దాం," అన్నాను.

"నీకేమైనా పిచ్చా? అక్కడ నీ తమ్ముడి పెళ్ళి."

"తోటలు చూడందే నేను రాను."

రోయి పళ్ళు నూరుకుంటూ జీపు తిప్పాడు. అమ్మచ్చి వెనక్కి వాలి, గుండెల నిండా ఊపిరి పీల్చి మొదలుపెట్టింది. "ఏం కోడలు దొరికిందమ్మా నాకు. సొంత తమ్ముడి పెళ్ళికి కూడా వేళకి చేరే యోగ్యత లేదు. దీనికి అక్షరాలు ఎవరు నేర్పారో గాని..."

కొండ ఎక్కినంతసేపూ ఆపలేదు. ఒక్కసారి మాత్రం మధ్యలో ఆగి, సంచిలోంచి అరటికాయ చిప్స్ గుప్పెడు తీసి నా ఒళ్ళో పోసి, మళ్ళీ అందుకుంది.