మాస్టారి చివరి తిల్లానా

2023 ఎండాకాలం. నరసరావుపేటలోని ఒక డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్‌గా నాకది తొమ్మిదో ఏడు. సంగీతంలో నాకు తెలిసిన రాగం, పేషంటు రాగానే బరువు చూడటం. తాళం అంటే స్టోర్‌రూముదే.

మూడో మంచం మీది వీణ మాస్టారి మెషిన్ మాత్రం ఆయన వచ్చినప్పుడల్లా రాగాలు తీసేది. సూదులు గుచ్చిన చెయ్యి కదిలితే, రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్ళే దారిలో ఒత్తిడి పెరుగుతుంది. దాన్ని వీనస్ ప్రెషర్ అంటాం. అది హద్దు దాటితే అలారం మోగి పంపు ఆగిపోతుంది. ట్యూబులు మార్చాను, మెషిన్ మార్చాను, ఇంజనీరుని పిలిపించి చీవాట్లు తిన్నాను. మాస్టారి వేళ్ళకేసి చూసింది మాత్రం నాలుగో వారంలోనే. ఆయనది ఎడమచేతి వాటం. ఆ చేత్తో స్వరాలు రాసుకుంటూ, సూదులున్న కుడిచేత్తో తాళం వేస్తున్నారు! నేను పరిగెత్తుకొచ్చేసరికి బుద్ధిగా ఆపేసేవారు.

"సూది ఊడితే రక్తం కారుద్ది మాస్టారూ."

"చెయ్యి ఆపితే పాట ఆగుద్ది నాయనా. నేను కడుతున్న తిల్లానాకి చరణం ఒక్కటే మిగిలింది. గుండె డాక్టరు ఇక వారాల మాటే అన్నాడు. తాళం లేందే లెక్క కుదరదు."

పక్క మంచం మీది మస్తాన్, దాచేపల్లి లారీ మెకానిక్, అందుకున్నాడు. "ఇంతేనా! నా కుడిచెయ్యి ఖాళీయేగా. ఎట్టా కొట్టాలో చెప్పు మాస్టారూ."

ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది లెక్కల ఆదితాళం. మస్తాన్ తొడ మీద మొదలుపెట్టాడు. ఎదుటి మంచం మీది ముప్పాళ్ళ టీచరమ్మ కలిసింది. నేనూ కలిశాను.

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వాపు. నీ తాళానికి నాకు బీపీ పెరుగుద్ది," అన్నారు మాస్టారు.

అలారం మళ్ళీ మోగలేదు. రెండు సిట్టింగులు గడిచాయి. మూడోదానికి ఆయన్ని ఆయాసంతో స్ట్రెచర్ మీద తెచ్చారు. సిట్టింగు నాలుగు గంటలూ అయిపోవస్తున్నా ఆఖరి పంక్తి ముడిపడలేదు. వార్డులో ఖాళీగా ఉన్న ప్రతి చెయ్యీ తాళం వేస్తోంది.

"ఇంకొంచెం జోరుగా మస్తానూ!"

టైము అయిందని మెషిన్ కూసింది. దాని నోరు నొక్కేశాను. మాస్టారు పెన్ను పక్కన పెట్టి, సన్నటి గొంతుతో మొదటినుంచీ పాడారు. చివరి దెబ్బ అందరిదీ ఒక్కసారే పడింది. నాది కూడా!

"కుదిరింది," అన్నారు.

తర్వాతి సిట్టింగుకు ఆయన రాలేదు. పోయారన్న కబురు మస్తానే తెచ్చాడు. "పని పూర్తి చేసే పోయాడుగా సార్," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ కేసు నేర్పింది ఒకటే. ఇప్పుడు సూది గుచ్చేముందు, ఆ చేత్తో ఏం పని చేస్తారని అడుగుతున్నాను. నిన్న ఒకావిడ పూలు కడతానంది. దానికి రెండు చేతులూ కావాలి. దారం కొస నేను పట్టుకున్నాను.