ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవారిలో నేనే మొదటివాణ్ణి. ఇంటిపని, బిడ్డ పని ఆలుమగలు సమానంగా పంచుకోవాలని చదువు నాకు నేర్పింది. నమ్మినట్టే నడిచాను. అందుకే ఈ నాలుగు మాటలు రాయడం కష్టంగా ఉంది.

నేను భద్రాచలం నుంచి చర్ల వెళ్లే బస్సులో కండక్టర్ని. నా భార్య దవాఖానాలో నర్సు. పాపను పరాయివాళ్ల మీద వదలకూడదని ఇద్దరం వేర్వేరు డ్యూటీలు, వేర్వేరు రోజుల్లో వారపు సెలవులు అడిగి వేయించుకున్నాం. పొద్దున వంట, బట్టలు, పాప స్నానం నావి. సాయంత్రం చదివించడం, అంట్లు, నిద్రపుచ్చడం ఆమెవి. మధ్యాహ్నం రెండింటికి దవాఖానా గేటు దగ్గర పాప చేతులు మారేది.

"అన్నం తిన్నది. దగ్గు మందు పోసిన. బట్టలు తీగె మీదున్నయి, మబ్బు పట్టింది చూడు."

"నేను చూస్త గని నువ్వు జల్దీ పో. నీ బస్సు నిన్నే ఇడిచి పోతది."

గేటు కాడి వాచ్‌మన్ నవ్వేవాడు. "ఏంది సారూ, బిడ్డకు టికెట్ కొట్టినవా లేదా?"

మేమూ నవ్వేవాళ్లం. మా పంపకం మీద నాకు గర్వంగానే ఉండేది.

పాపకు ఐదేళ్లప్పుడు గోదావరి పొంగి చర్ల బస్సులు ఆగిపోయాయి. అనుకోకుండా ఆ రోజే ఆమె వారపు సెలవు. నిద్ర లేచిన పాప వంటింటి గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నాన్నా, ఎవరు సచ్చిపోయిండ్రు?"

మా నాన్న పోయిన రోజు తప్ప, పగటిపూట మేమిద్దరం ఇంట్లో ఒకేచోట ఉండగా పాప చూడలేదు.

"ఎవరూ పోలే బిడ్డా. ఇయ్యాల అందరం ఇంట్లనే" అని నా భార్య పాపను ఒళ్లోకి తీసుకుంది.

ముగ్గురం కలిసి తిన్నాం. ఆ తర్వాత ఏం చేయాలో మాకు తెలియలేదు. రెండు దాటగానే ఆమె పాప జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది. నది ఎంత పెరిగిందో చూసి వస్తానంటూ నేను చెప్పులు తొడుక్కున్నాను. నన్నెవరూ పొమ్మనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు. పాప రోజులాగే టాటా చెప్పింది.

ఇప్పుడు పాప ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. మా ఇద్దరి డ్యూటీలూ పగటివే అయ్యాయి. సాయంత్రాలు ఒకే గదిలో కూర్చుంటాం. పాప ముందు నాకు ఫోన్ చేస్తుంది. పరీక్ష ఎలా రాసిందో, మెస్‌లో కూర ఎలా ఉందో చెబుతుంది.

"అమ్మ పక్కనే ఉన్నది, స్పీకర్ పెడత ఆగు."

"వద్దు నాన్నా, అమ్మకు మళ్ల చేస్త."

నేను పెట్టేస్తాను. ఆమె ఫోన్ మోగుతుంది. అటువైపు అవే కబుర్లు మొదటి నుంచి మొదలవుతాయి. ఇటువైపు నాకు నా భార్య గొంతు మాత్రమే వినిపిస్తుంది: "అవునా? గట్లనా? కూర గంత ఘోరమా?"