మా సోలార్ సెల్ మీద పడ్డ నింద

2023 వేసవి. విశాఖలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వెనక బ్లాకులో మా ల్యాబ్ ఉండేది. కిటికీ తీస్తే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పోర్టు క్రేన్లు. అంత అందమైన కిటికీని నేను ఎవరినీ తీయనిచ్చేదాన్ని కాదు. ఉప్పుగాలీ, పోర్టు నుంచి వచ్చే బొగ్గు ధూళీ రెండూ నా పనికి శత్రువులే.

నా పనేమిటో చెప్పాలి. ఫిజిక్స్ చదివి, ఉపగ్రహాలకు కరెంటు అందించే సోలార్ ప్యానెళ్ళ మీద చాలా ఏళ్ళు పనిచేశాను. మా నాన్నగారు స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేనూ చివరికి ఈ ఊరికే చేరి, కొత్తరకం సోలార్ సెల్ తయారీ మొదలుపెట్టాను. మామూలు సెల్ అంటే సిలికాన్ బిళ్ళ. మాది పలుచని షీటు మీద సిరా పూసినట్టు పూసి చేసేది. బరువు తక్కువ, ఖర్చూ తక్కువే. "ఇది అంతరిక్షంలో బతకదమ్మా" అని సదస్సుల్లో నా ముఖం మీదే అన్నవాళ్ళున్నారు. వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా నేను మర్చిపోలేదు.

ఆ ఏడాది ఒక చిన్న ఉపగ్రహం మీద మా సెల్‌కి అగ్గిపెట్టెంత చోటు దొరికింది. వాక్యూమ్ టెస్ట్ నెగ్గితేనే ఆ చోటు మాది. చాంబర్ అనే ఉక్కు పీపాలో సెల్‌ని పెట్టి, గాలంతా పంపుతో లాగేసి, వేడెక్కిస్తారు. శూన్యంలో కొన్ని పదార్థాల నుంచి ఆవిర్లు బయటికొస్తాయి. దీన్నే ఔట్‌గ్యాసింగ్ అంటాం. ఆ ఆవిరి పోయి పక్కనున్న కెమెరా అద్దం మీద పేరుకుందంటే మొత్తం ఉపగ్రహానికే చూపు పోతుంది. అందుకని ఆవిరి కక్కే వస్తువుని ఎవరూ దగ్గరికి రానివ్వరు.

టెస్ట్ చూడడానికి ఉపగ్రహం కంపెనీ తరఫున క్వాలిటీ ఆఫీసర్ మూర్తిగారు వచ్చారు. కొత్త చాంబర్‌ని బిగించింది మా ఫిట్టర్ అప్పలనాయుడుగారు. సింహాచలం దగ్గర పల్లెటూరి మనిషి. ఆయన బిగించిన బోల్టు మళ్ళీ ఎవరూ చూసుకోనక్కర్లేదు.

చల్లగా ఉన్నంతసేపూ అంతా బాగానే ఉంది. వేడి పెంచగానే గ్యాస్ ఎనలైజర్ తెర మీద గీత పైకి లేవడం మొదలెట్టింది. లోపల ఏ వాయువు ఎంత ఉందో చూపించే యంత్రం అది.

మూర్తిగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "మేడం, మీ సెల్ ఆవిరైపోతోంది."

"మా సెల్ కాదండీ అది."

"లోపల ఇంకేముంది చెప్పండి?"

లోపల ఉన్నది మా సెల్ ఒక్కటే. ఆయన గొంతులో వెటకారం కూడా లేదు. అదే నాకు ఇంకా మంట పుట్టించింది. రేపు రిపోర్టు పంపిస్తానన్నారు. ఆ చోటు కోసం ఇంకో టీమ్ కాచుకుని కూర్చుందని కూడా చెప్పారు.

ఇన్నేళ్ళ పని పోతుందనుకుంటే ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే ముందు కోపం బయటికొస్తుంది. "ఒక్క రోజు ఆగండి. సెల్ బయటపెట్టి ఖాళీ చాంబర్‌ని నడుపుతాను. గీత లేవకపోతే తప్పు మా సెల్‌దే, రిపోర్టు నేనే టైపు చేసిస్తాను," అన్నాను. నా అరుపుకి భయపడ్డారో, న్యాయమే అనిపించిందో, సరేనన్నారు.

మర్నాడు ఖాళీ చాంబర్‌ని వేడెక్కించాం. అదే గీత! అదే తీరుగా పైకి! నేను కుర్చీలోంచి ఎగిరి లేచి "చూశారా?" అని కేక పెట్టాను.

"చూశాను," అన్నారు మూర్తిగారు. "అంటే చాంబర్‌లోనే మురికి ఉంది. అదేమిటో తేలేదాకా మళ్ళీ టెస్ట్ ఒప్పుకోను."

చల్లారాక తలుపు తీశాం. తల లోపలికి పెట్టగానే ఆగిపోయాను. చందనం వాసన. సింహాద్రి అప్పన్న ఒంటి మీద ఏడాది పొడుగునా ఉండే ఆ వాసన ఏమిటో ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. టార్చి వేసి చూస్తే, వెనకాల అర కింద, గోడకి చక్కగా చందనం బొట్టు. మధ్యలో కుంకుమ. చందనంలో నూనె ఉంటుంది. వేడికి అది ఆవిరి కక్కుతోంది.

అప్పలనాయుడుగారిని పిలిచాను. ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

"నానే ఎట్టినానండి మేడంగారూ," అన్నారు తల వంచుకుని. "కొత్త మిషను కదా, బొట్టెట్టకుండా ఎలగ మొదలెడతామండి? బయటెడితే మూర్తిగారు తుడిపించేత్తారని లోపలెట్టినాను. నా ఉజ్జోగం పోద్దేటండి?"

కొత్త స్కూటరుకీ, కొత్త గ్రైండరుకీ బొట్టు పెట్టే ఊరు మాది. చాంబర్ చేసిన పాపమేముంది? నాకు నవ్వు ఆగలేదు. మా సెల్ నిర్దోషి అని తేలిన సంతోషంలో ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది.

మూర్తిగారు పెన్ను తీశారు. "ఎవరు పెట్టారో పేరు రాయాలి."

"నా ల్యాబ్‌లో జరిగింది కాబట్టి నా పేరు రాసుకోండి," అన్నాను. ఆయన నావంకా, అప్పలనాయుడుగారి వంకా చూసి, ఏ పేరూ రాయకుండా పెన్ను జేబులో పెట్టుకున్నారు. ఆ క్షణం నుంచీ ఆయన మీద కోపం పోయింది.

శుభ్రం చేసే పని అప్పలనాయుడుగారే పట్టుబట్టి తీసుకున్నారు. జిడ్డుని కరిగించే సాల్వెంట్‌లో తడిపిన గుడ్డ చేతిలో పట్టుకుని కూడా తటపటాయిస్తున్నారు. "సామి సందనం తుడిసేత్తే తప్పు కాదేటండి?"

"వేడి తగ్గాలనే కదండీ స్వామికి చందనం పూస్తారు. మనం తీసుకెళ్ళి ఆయన్ని పొయ్యిలో కూర్చోబెట్టాం. తీసేస్తే సంతోషిస్తాడు."

ఆయన పకాలున నవ్వి పనిలో దిగారు. తర్వాత బేకౌట్ చేశాం. అంటే ఖాళీ చాంబర్‌ని బాగా వేడెక్కించి, గోడలకి పట్టిన చెత్తనంతా పంపుతో లాగెయ్యడం. మళ్ళీ ఖాళీగా నడిపితే గీత కదల్లేదు. సెల్ పెట్టి నడిపాం. అప్పుడూ కదల్లేదు. మూర్తిగారు సంతకం చేస్తూ, "మీ సెల్ మంచిదే మేడం," అన్నారు. ఆ "మంచిదే" ఏమిటని దెబ్బలాడబోయి మానుకున్నాను.

కొన్ని నెలలకి రాకెట్ ఎగిరింది. ఉపగ్రహం మన మీదుగా వెళ్తూ మొదటిసారి సమాచారం పంపిన రోజు, మా ల్యాబ్‌లో అందరం ఒకే కంప్యూటర్ ముందు మూగాం. మా సెల్ వరసలో కరెంటు అంకె కనబడింది. మేము లెక్కగట్టినంతా వస్తోంది. నేను చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే అప్పలనాయుడుగారు వెనక నుంచి అడిగారు.

"మన సెల్లు పని సేత్తందేటండి మేడంగారూ?"

"చేస్తోందండీ. అంతరిక్షంలో చేస్తోంది!"

"మరైతే అది బతకదన్నోల్లు ఇప్పుడేటంటారండి?"

ఆ తర్వాతి సదస్సులో వాళ్ళే ముందు వరసలో కూర్చుని నేను చెప్పింది రాసుకున్నారు. చాలా హాయిగా అనిపించింది, దాచుకోను.

ఆ కేసు నాకు నేర్పింది ఒక్కటే. కొత్తగా వచ్చినదాని మీదే అందరికీ ముందు అనుమానం. దాన్ని తప్పుపట్టే ముందు దాన్ని నిలబెట్టిన చోటుని పరీక్షించాలి. ఇప్పుడు ఏ విద్యార్థి అయినా కళ్ళనీళ్ళతో వచ్చి "నా ప్రయోగం పోయింది మేడం" అంటే ఓదార్పు మాటలేవీ చెప్పను. "ఖాళీగా నడిపి చూశావా?" అంటాను. కళ్ళు తుడుచుకుని ల్యాబ్ వైపు పరుగెడతారు.