నేను ఇంకు పెట్టని చుక్కలు

మొన్న ఉక్కునగరంలో మా చెల్లెలి కొడుకు కొత్త క్వార్టర్లో పాలు పొంగిస్తుంటే, నేనూ మా బావా కలిసి వెళ్ళాం. బస్సు దిగాక దారి తెలియక నేను ఫోను తీశాను, బావ మాత్రం అప్పటికే పది అడుగులు ముందున్నాడు. నడకదారి నీలం చుక్కలుగా నీళ్ళ ట్యాంకు వెనకనుంచి పోతున్నట్టు ఫోను చూపించేసరికి, నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ చుక్కల్ని నేను ఎనభైల్లోనే ఒకసారి చూశాను.

బావంటే మా మేనత్త కొడుకు, నా ఈడువాడే. ఆనందపురం పక్క పొలాల్లో పెరిగిన వాడూ, పట్నంలో ఇస్త్రీ చొక్కాలతో పెరిగిన నేనూ, ఒకే ఏడాది ఎమ్మే జాగ్రఫీలో చేరాం. వాడంటే నాకు ప్రాణం, వాడంటే నాకు కుళ్ళు కూడా. ఈ వయసులో దాచుకోవడం ఎందుకు గానీ, మా అమ్మ నాకు ఒక గరిట వేసి వాడికి రెండు వేస్తే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు.

ఉక్కునగరం అప్పుడప్పుడే నిండుతోంది. కొలిచి గీసి కట్టిన ఊళ్ళో మనుషులు ఎలా బతుకుతున్నారో చూసి రమ్మని మా ప్రొఫెసరుగారు క్లాసు మొత్తాన్నీ పది రోజులు అక్కడికి పంపారు. ఎవరి రిపోర్టు బాగుంటే వాళ్ళకి డిపార్ట్‌మెంటులో ప్రాజెక్టు ఉద్యోగం ఇస్తామన్నారు. దాని మీద మా ఇద్దరికీ కన్నుంది, నాకు కాస్త ఎక్కువే ఉంది.

నేను ఫారాల అట్ట చంకన పెట్టుకుని వరసగా ముందు గుమ్మాలు తట్టాను. కూరా నారా ఎక్కడ కొంటారని అడిగితే ప్రతి ఇల్లాలూ తడుముకోకుండా షాపింగ్ సెంటర్లోనే అని చెప్పింది, నేను మురిసిపోతూ రాసుకున్నాను. బావ నన్ను చూసి నవ్వాడు. "ఏటి బావా, ఆళ్ళు నిన్ను ఆఫీసరనుకుంతన్నారు. నీకు నిజం సెప్తారేటి?" అన్నాడు.

వాడు పెరటి గుమ్మాల దగ్గర మంచినీళ్ళు అడిగి, తాగి, అక్కడే చతికిలబడి ఊరూ పేరూ కబుర్లాడేవాడు. అలా తెలిసిందేమిటంటే, పొద్దున్నే ట్యాంకు వెనక సముద్రపు ఒడ్డు పల్లెల ఆడవాళ్ళు చేపల గంపలు దించుతారు, ప్రతి వరస పెరట్లోంచీ అక్కడికి ఆడవాళ్ళ కాళ్ళు తొక్కి తొక్కి వేసిన దారులున్నాయి. ప్లానులో లేని సంత అది. ఆఫీసరుకి తెలిస్తే గంపలవాళ్ళని వెళ్ళగొట్టేస్తాడని నా దగ్గర ఎవరూ ఆ ఊసెత్తలేదు. బావ ఆ దారులన్నీ అడుగులతో కొలిచి, పెన్సిలుతో చుక్కలు పెట్టుకున్నాడు.

చూపించినప్పుడు నోటితో మాత్రం మెచ్చుకున్నాను. వాడి చేతిరాత కోడి కెలికినట్టుండేది, నాది అచ్చు. అందుకే క్లాసులో అందరి మ్యాపులకీ ఇంకు పెట్టేది నేనే. వాడి షీటులో రోడ్లకి పెట్టాను, క్వార్టర్లకి పెట్టాను, ట్యాంకుకీ పెట్టాను. చుక్కల దగ్గరికొచ్చేసరికి పెన్ను మూడుసార్లు ఎత్తి మూడుసార్లూ దించేశాను. ఇంకు ఆరాక పెన్సిలు గీతలన్నీ రబ్బరుతో తుడిచెయ్యడం మా పద్ధతి. పద్ధతి ప్రకారం శుభ్రంగా తుడిచి, చుట్టచుట్టి, రిపోర్టులు చూపించే హాల్లోకి వెళ్ళేముందు వాడి చేతిలో పెట్టాను.

మ్యాపు విప్పగానే ప్రొఫెసరుగారు, రిపోర్టులో నువ్వు రాసిన దారులు ఇందులో ఏవయ్యా అని అడిగారు. బావ షీటు వంక చూసి, ఒక్కసారి నా వంక చూసి, "నా పెన్సిలు సన్నం సార్, ఆనకుండా పోయినట్టున్నాయి" అన్నాడు. మ్యాపులో లేనిదాన్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఉద్యోగం నాకొచ్చింది. బావ ఆనందపురం వైపు బడిపంతులయ్యాడు. నేను రిటైరయ్యేదాకా ఆ డిపార్ట్‌మెంటులోనే ఉన్నా, బజార్లో నన్ను పలకరించే శిష్యుడు ఒక్కడూ లేడు. వాడితో సింహాచలం వెళితే మెట్టు మెట్టుకీ ఎవరో ఒకరు వంగి కాళ్ళకి దండం పెడతారు. అదీ చూసి కుళ్ళుకున్నాను.

"ఏటి బావా, నిలబడిపోయేవ్?" అంటూ మొన్న బావ వెనక్కొచ్చాడు. ఫోను వాడి చేతిలో పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చూసి, వాడు పకపకా నవ్వాడు.

"ఇన్నాళ్ళకి ఎవుడో ఇంకు పెట్టేడు, బావా!"

అంటే వాడికి ఆ రోజే తెలుసన్నమాట. తెలిసీ నలభై ఏళ్ళు మా ఇంట్లో భోజనం చేశాడు. తప్పయిపోయిందని చెప్పాల్సింది పోయి, ఫోను వెనక్కి తీసుకున్నాను. వాడు అలా నవ్వగలిగినందుకు, చెప్పొద్దూ, మళ్ళీ అసూయే కలిగింది.

ఆ రోజుల్లో ఒక దారి తెలియాలంటే పది పెరళ్ళలో మంచినీళ్ళు తాగాల్సి వచ్చేది, ఇప్పుడు ఎవరినీ పలకరించకుండానే తెలిసిపోతోంది. ట్యాంకు వెనక గంపలు లేవు, చేపలు ఇళ్ళకే బండి మీద వస్తున్నాయట. దారి మీద గడ్డి మొలిచింది. ఆ గడ్డిలో ఫోను చూడకుండా బావ ముందు నడుస్తుంటే, చుక్కలు చూసుకుంటూ నేను పది అడుగులు వెనక నడిచాను.