నిన్నటి నీళ్లు

మొన్న ఆదివారం కింది వాటాలో కొత్తగా చేరిన అమ్మాయి పైకి వచ్చి, మా హాల్లోని చేపల తొట్టి ముందు చాలాసేపు నిలబడింది. వాళ్లూ ఈమధ్యే ఒక తొట్టి కొన్నారట. "పెద్దమ్మా, నీళ్లు మార్చినప్పుడల్లా మా తొట్టి అద్దం నిండా సన్న బుడగలు పట్టుకుంటా ఉండాయి. తుడిస్తే పోతాయి, మళ్లా వస్తాయి. మీ దాంట్లో ఒక్కటన్నా లేదే, ఏం చేస్తారు?" అని అడిగింది. ఏం చేయాలో ఒక్క మాటలో చెప్పి పంపించాను. ఆ అమ్మాయి సంతోషంగా మెట్లు దిగి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ పూట వంట మీదికి మనసు పోలేదు. ఆ ఒక్క మాట నాకు తెలిసే నాటికి, ఆ బుడగలతో రెండేళ్లు కుస్తీ పట్టిన మనిషి లేరు.

ఆ మనిషి మా ఆయన. ఆఫీసు నుంచి రిటైరైన నెలకే ఒక సాయంత్రం ఒళ్లో గాజు తొట్టి పెట్టుకుని, కొత్త పెళ్లికూతురిని తెచ్చినంత జాగ్రత్తగా ఆటో దిగారు. వెనకే ఒక ప్లాస్టిక్ సంచిలో రెండు ఎర్ర చేపలు. మాది తరతరాలుగా గుడి కైంకర్యం చేసిన ఇల్లు. ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాని ఇంట్లోకి చేపలా అని నేను నోటి మీద చెయ్యి వేసుకున్నాను. ఆయన తొణకలేదు. "తినేదానికి కాదు కదే, చూసేదానికి. స్వామి మొదట ఎత్తిన అవతారమే చేప. నువ్వు వద్దంటే ఆయనకే కోపం వస్తాది" అన్నారు. వైష్ణవుల ఇంట్లో ఆ వాదానికి తిరుగేముంది? తొట్టి హాలు దాటకూడదు, మేత డబ్బా వంటింట్లోకి రాకూడదు, తొట్టిలో చెయ్యి పెట్టినవాళ్లు మళ్లీ స్నానం చేసేదాకా నన్ను తాకకూడదు అని నేను షరతులు పెట్టాను. అన్నిటికీ తలూపారు. ఆఫీసులో పైఅధికారుల దగ్గర తలూపి తలూపి ఆయనకు అది బాగా అలవాటు.

మా ఇంట్లో నీళ్ల సంగతి కొంచెం చెప్పాలి. నిన్నటి నీళ్లు ఇంట్లో ఉండకూడదన్నది మా అత్తగారు నాకు నేర్పిన మొదటి మడి. తెల్లవారి స్నానం కాగానే బిందెలు, బకెట్లు, చివరికి చెంబు అడుగున మిగిలిన గుక్కెడు కూడా పారబోసి, అన్నీ తోమి, బోరు మోటారు వేసి కొత్త నీళ్లు పట్టుకోవాలి. అత్తగారు పోయినా, నాకు జ్వరం వచ్చినా, ఆ పద్ధతి తప్పలేదు. ఎండాకాలంలో వీధి వాళ్లంతా ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంటే, నేను బిందెలకు బిందెలు కనకాంబరాలకు పోసేదాన్ని. ఆ మొక్కలు ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో అని ఆయన నవ్వేవారు.

కాబట్టి తొట్టిలోనూ రోజూ నీళ్లు మార్చాల్సిందే, పోసేవి బోరు నీళ్లే, పైపు పెట్టి నేరుగా పట్టినవే. పోసిన గంటకల్లా అద్దం లోపలి వైపు బొంబాయి రవ్వ చల్లినట్టు బుడగలు. రాళ్ల మీద, ఆకుల మీద, పాపం ఆ చేపల రెక్కల మీద కూడా. ఆయన చేయని ప్రయత్నం లేదు. గాలి పంపు తగ్గించి చూశారు. ఫిల్టరు మూతి నీళ్లలోకి ఇంకా కిందికి దించారు. దాంట్లోని స్పాంజి రోజూ పిండి ఉతికారు. పాత పంచె చింపి కర్రకు చుట్టి, అద్దాన్ని పైనుంచి కిందికి మెల్లగా తుడిచేవారు. తుడిచినంతసేపూ తేటగా ఉండేది. భోజనం చేసి వచ్చేసరికి మళ్లీ మామూలే. రెండిట్లో తోక చిరిగిన చేప అంటే ఆయనకు ప్రాణం. అది అద్దం దగ్గరికి వచ్చినప్పుడు బుడగల వెనక మసకగా కనిపిస్తే చిన్నపిల్లవాడిలా విసుక్కునేవారు.

రెండో ఏడు ఆయన గుండె బలం తగ్గిపోయింది. మంచం దిగకూడదన్నారు డాక్టరు. హాల్లోనే తొట్టికి ఎదురుగా మంచం వేయించాను. మాకు పిల్లలు లేరు. మందులు, పథ్యం వంట, పక్కబట్టలు, చివరికి ఆ చేపలు కూడా నా మీదే పడ్డాయి. నీళ్లు నేనే మార్చేదాన్ని, మోటారు వేసి, పైపు పెట్టి, హడావిడిగా. ఒక మధ్యాహ్నం అప్పటికే రెండుసార్లు అద్దం తుడిచి, మళ్లీ స్నానం చేసి కంచం ముందు కూర్చున్నాను. "ఏమే, ఇంకొక్కసారి తుడుస్తావా? చేప కనపడలా" అన్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నేను పడే పాట్లు కనపడవు గానీ మీకు చేప కనపడాలా? పొద్దున లేచినప్పటి నుంచీ బుడగలు, బుడగలు! ఇంకొకసారి అన్నారంటే తొట్టి ఎత్తి వీధిలో పెట్టేస్తాను" అని అరిచాను. ఆయన "వద్దులే, ఈడనే ఉండనీ. బాగానే కనపడతా ఉండాది" అన్నారు. ఆ తర్వాత అద్దం తుడవమని ఒక్కసారి కూడా అడగలేదు. సరిగ్గా తొమ్మిదో రోజు పోయారు. ఆ తొమ్మిది రోజులూ నేను తుడవనూ లేదు. అడగడం లేదు కదా, హమ్మయ్య అనుకున్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

కర్మకాండలన్నీ అయ్యాక, చేపల్ని తిరిగి తీసుకుంటారేమో అడుగుదామని ఆయన ఎప్పుడూ వెళ్లే దుకాణానికి పోయాను. దుకాణదారు పలమనేరు వైపు మనిషి, నడివయసువాడు. సంగతి విని చేతిలో వల పక్కన పెట్టేసి స్టూలు జరిపాడు. "ఈ స్టూలు మీదనే కూర్చోని అడిగేవాడు మ్మా సారు, ఆ బుడగలు ఎట్ల పోతాయప్పా అని. బోర్లోంచి వచ్చే నీళ్లలో గాలి ఉంటాది సారు, బకెట్లో పట్టి ఒక దినం అట్లనే పెట్టేయండి, గాలంతా పోతాది, రేపు పోసి సూడండి, ఒక్క బుడగ నిలవదు అని ఎన్నిసార్లు చెప్పినానో" అన్నాడు.

"మరి ఆయన ఏమన్నారు?" అని అడిగాను.

"నవ్వినాడు మ్మా. అది మా ఇంట్లో కుదరదులేప్పా, నిన్నటి నీళ్లు ఇంట్లో ఉంటే మా ఇంటామెకు మనసు ఒప్పదు, ఆమెను కష్టపెట్టి చేపల్ని సూసుకోవల్నా, తుడుచుకుంటే పోలా అనినాడు."

అప్పుడు గుర్తుకొచ్చింది. మంచం పట్టడానికి ముందు ఒక ఉదయం, మెట్ల కింద పళ్లెం మూత పెట్టిన బకెట్టు కనిపించింది. ఎవరు మరిచిపోయారో అనుకుంటూ ఎత్తి మొక్కల్లో పోసేశాను. "ఈడ బకెట్లో నీళ్లు ఉండాలే, యాడ పోయినాయి?" అన్నారు. "నిన్నటివి కదా, పారబోసినాను" అన్నాను. "ఓ, సరేలే" అని లోపలికి వెళ్లి, పాత పంచె ముక్క అందుకున్నారు.

చేపల్ని ఇవ్వకుండానే ఇంటికి వచ్చేశాను. బకెట్టు నిండా నీళ్లు పట్టి మూత పెట్టాను. మరుసటి రోజు స్నానం చేసి, అలవాటు కొద్దీ దాని మీదికి పోయిన చెయ్యిని వెనక్కి తీసుకున్నాను. ఆ నీళ్లు తొట్టిలో పోసి, ఆయన మంచం ఉండిన చోట నేల మీద కూర్చున్నాను. గంట గడిచింది, మధ్యాహ్నమయింది. అద్దం మీద ఒక్క బుడగ లేదు. తోక చిరిగిన చేప అద్దం దాకా వచ్చి, తిరిగి వెళ్లింది. దాని ఒంటి మీద పొలుసులు కూడా లెక్కపెట్టొచ్చు. నేను గట్టిగా ఏడ్చాను.

ఇప్పటికి మూడేళ్లుగా మా ఇంట్లో నిన్నటి నీళ్లు ఉంటున్నాయి, ఏ దోషమూ తగల్లేదు. ఆయనకు కావలసింది ఒక్క దినం. ముప్పై నాలుగేళ్లు కాపురం చేసి కూడా, ఆ ఒక్క దినం అడగడానికి ఆయనకు నా దగ్గర చనువు చాలలేదు.